మాటలున్న పాటే పెట్టుమన్న

మా దిక్కు పెండ్లిల తలంబ్రాలు అయినంక బువ్వబంతి ఉంటది. పిల్లను, పిలగాన్ని ఒక్క ఇస్తరి ముందట కూసోబెడ్తరు. ఆమె ఒక ముద్ద ఆయన నోట్ల పెట్టాలె, ఆయన ఒక ముద్ద ఆమె నోట్ల పెట్టాలె. రెండు దిక్కుల సుట్టాలు పక్కపొంటి బంతి కూసుంటరు. పిల్ల దిక్కు ఆడోళ్ళం ఎనుక నిలవడి పాట ఎత్తుకుంటం. ఆ పాటల ఎవలినీ ఇడిసిపెట్టం. పిలగాని మీసం మీద ఒక మాట, పిల్ల సిగ్గు మీద ఒక మాట, ఆఖరికి పిలగాని తల్లి మీద గట్టిగ నాలుగు మాటలు. పడ్డోళ్ళు నవ్వాలె. కోపానికొస్తె ఇంక రెండు ఎక్కువ పడ్తయి. గది పద్ధతి.

తాండూరుల మా గల్లీల ఎవలింట్ల పెండ్లయినా ఆ పాట ఎత్తుకునేది నేనే. అయిదో తరగతి దాంకనే బడికి పోయిన గని పాట మాత్రం ఒక్కపారి ఇంటె మర్వ. ఏ పెండ్లిల ఏం పాడిన్నో, ఎవలు నవ్విండ్రో, ఎవలు మూతి ముడిసిండ్రో ఇప్పటికి చెప్పుత. నేను ఎత్తుకుంటె బంతిల కూసున్నోళ్ళు తినుడు ఆపి తల ఎత్తి చూస్తరు. గట్ల చూసుడు నాకు మస్తు ఇష్టం. ఆ ఇష్టం ఎంత దూరం తీస్కపోయిందో చెప్పాల్నంటె ఇప్పుడు కూడ సిగ్గయితది.

నాకు ఒక్కతే బిడ్డ. నాలుగేండ్ల కింద వికారాబాదుల ఇచ్చినం. అల్లుడు అక్కడ ఒక ప్రైవేటు బడిల లెక్కలు చెప్పే సారు. ఆయన చిన్నప్పుడే తండ్రి పోతె, తల్లి కొడంగల్ దిక్కు ఊర్ల కందిచేన్లల్ల కూలికి పోయి సదివిచ్చింది. ఆమెను నేను వదినా అని పిలిసేది. పోయినేడు ఆమె గొంతుల గడ్డ లేసింది. పట్నంల పెద్ద దవాఖానకు తిప్పిండ్రు. ఆఖరి మూడు నెలలు కొడుకింట్లనే పండుకున్నది. ముద్ద దిగకపోయేది. ముక్కుల పైపు పెట్టి పాలసొంటి నీళ్ళు పోసేది. పోసేది అల్లుడే, ఇంకొకలిని ముట్టనియ్యకపోయేది. వంటింట్ల పోపు ఏస్తె ఆమె కండ్లు తెరిసి అటు దిక్కు చూసేదంట. ఒక్క రొట్టె ముక్క పెట్టుమని, నమిలి ఉమ్మేస్తనని చేతితోని సైగ జేసేదంట. డాక్టర్లు వద్దన్నరని అల్లుడు పెట్టలే.

ఆమె పోయినంక అల్లునికి బువ్వ తోని పగ వడ్డట్టయింది. పళ్ళెంల ఇంత ఏసుకొని తలుపు కాడికి పోయి, బయటికి మొఖం పెట్టి, నాలుగు ముద్దలు మింగి లేస్తడు. బిడ్డ ఎదురుంగ కూసుంటె గా నాలుగు కూడ తినడు. "ఎదురుంగ కూసోకు, నాకు మింగుడు పడదు" అన్నడంట ఒకనాడు. తిట్టిందీ లేదు, కొట్టిందీ లేదు. రెండేండ్ల పాపను ఎత్తుకొని ఆడిపిస్తడు. గని ఒక్క ఇంట్ల ఉండి మొగడు పెండ్లాం ఒక్కతాన బువ్వ తినక ఎనిమిది నెలలాయె. మనిషి సగమయిండు. బెల్టుకు కొత్త బొక్కలు పొడుసుకున్నడు.

"అమ్మా, నాకు చీరొద్దు, ఏమొద్దు" అన్నది బిడ్డ ఫోన్ల. "ఆయన ఒక్కపారి నా ఎదురుంగ కూసుండి కడుపునిండ తింటె సాలు."

వాళ్ళ పెండ్లిరోజు దగ్గర వడ్డది. ఆమె పోయి ఏడాది ఎల్లలేదు గనుక పండుగలు లేవు, పబ్బాలు లేవు, ఎవలినీ పిలిసేది లేదు. ఇద్దరే ఇంట్ల ఏమన్న చేసుకోవాలె. బిడ్డ ఫోన్ల ఏమో చూసింది.

"కొవ్వొత్తులు పెట్టి, టేబులు మీద తినాలెనమ్మా. ఇద్దరమే."

"ఏమే, మీకాడ కరెంటు లేదా?"

"ఉన్నది."

"మరి కొవ్వొత్తులెందుకు?"

"గట్లనే పెడ్తరమ్మా. దాన్ని క్యాండిల్ లైట్ డిన్నర్ అంటరు. ఎనుక మెల్లగ పాట నడువాలె. నాకు వంట ఫికర్ లేదు, పాట తోనే పరేషాన్ అయితున్న. ఏది పెట్టినా ఆయనకు ఏదో ఒకటి యాదికొస్తది. నీకు పాటలు తెలుస్తయి గదా, నువ్వు చెప్పు."

నువ్వు చెప్పు అన్నది. నేను ఉబ్బిపోయిన.

మూడు దినాలు గదే పని. నేను ఇంటికాడ జొన్నరొట్టెలు చేసి అమ్ముత. ఒక చేతితోని రొట్టె కొట్టుకుంట, ఫోను పిండిడబ్బ మీద పెట్టుకొని, బిడ్డ ఇనిపిచ్చే పాటలు ఇనేది. మొదలు ఒక సినిమా పాట పెట్టింది. మంచిగనే ఉన్నది గని అండ్ల మొగడు పెండ్లాన్ని ఇడిసి పోతడు. "గిది వద్దే" అన్న. ఇంకోటి పెట్టింది, అంత డప్పుల మోత. "గిది ఇంటె ముద్ద గొంతుల ఇరుక్కుంటది" అన్న. అన్నంక నాలిక కరుసుకున్న. ఎందుకంటె ఆ ఇంట్ల గొంతు అనే మాట ఎత్తద్దని మాకు మేమే పెట్టుకున్నం. బిడ్డ ఆ పాట ఆపేసింది. మల్ల ఇంకో పాట పెట్టింది. దాంట్ల ఇద్దరు ఉరుక్కుంట పాడుతున్నరు, ఆయాసం ఇనొస్తున్నది. "తినేటోళ్ళకు గీ ఉరుకుడు ఎందుకే, అజీర్తి చేస్తది" అంటె అప్పుడు నవ్వింది.

మా ఆయన నాపరాళ్ళ పాలిషింగ్ మిషన్ కాడ పనిజేస్తడు. ముప్పై ఏండ్ల సంది ఆ మోతల ఉండి చెవులు మందమైనయి. "ఏందే, తల్లీబిడ్డలు దినాం ఫోన్ల పాటలు ఇంటున్నరు?" అని అడిగిండు.

"అల్లుడు బువ్వ తినేటప్పుడు పాట పెడ్తదంట!" అని ఒర్రిన.

"పాటనా? బర్లకు పెడ్తరంట గట్ల, పాలు జల్ది ఇయ్యనీకి. అల్లుడు ఏమిస్తడు?"

ఆఖరికి బిడ్డ ఒక పిల్లనగ్రోవి పాట పెట్టింది. మాటలు లేవు, వట్టి ఊదుడే. "గిదేందే, ఎవలన్న పెద్దోళ్ళు పోయిననాడు రేడియోల పొద్దుమూకులు గిట్లనే ఏస్తరు" అన్న.

"మాటలు లేవు గదమ్మా. మాట లేకుంటె ఏదీ యాదికి రాదు. గందుకే గిది మంచిగనిపిచ్చింది."

ఎంత తెలివిగల్ల మాట అన్నది నా బిడ్డ. నేను ఇన్ననా? "మాటల్లేని పాట ఉప్పులేని పప్పు. మాటలున్న పాటే పెట్టు" అన్న. అని, కడుపుల ఉన్నది బయట పెట్టిన. "మొగడు పెండ్లాం ఒక్కతాన తినేటందుకు పాట కొత్తగ ఎతుకుతున్నవ్, నీ పెండ్లినాడు నేను పాడిన బువ్వపాట లేదా? దాన్ని మించింది ఏమున్నది?"

బిడ్డ ఆలోచించింది. "నిజమే" అన్నది. "ఆయనకు పెండ్లినాడు యాదికొస్తది. నవ్వొస్తది కూడ. నువ్వు పాడి పంపు. ఊదుడు పాటలు రెండు పెట్టి, ఎనుక నీది పెడ్త."

మర్నాడు మాపటీలి రొట్టెలు అయిపోయినంక పొయ్యి బంద్ జేసి, తలుపేసి, ఫోను ముందట పెట్టుకొని కూసున్న. ఎప్పటి లెక్కనే ఎత్తుకున్న.

ఒక్క ఇస్తరి ముందు ఇద్దరు గూసుండ్రి,
సిగ్గేల మా బిడ్డ, సెయ్యి జాపవే.
ముద్ద సిన్నదాయె, మూతి పెద్దదాయె,
అల్లుడా నోరింక జర తెర్వరా.

ఆ కట్టు అయినంక పిల్ల మీద ఇంకో కట్టు పాడిన. మూడో కట్టు వియ్యపురాలి మీద. అక్కడికి రాంగనే నా నోరు ఆగింది. ఆగింది అని ఒప్పుకోవాలె. ఆమె పోయింది గదా, ఏం తినక పోయింది గదా అని మనసుల మెదిలింది. ఫోను ఆపి, పాడింది మల్ల ఇన్న. రెండు కట్లకే తెగిపోయిన పాట, తోక తెగిన బల్లి తీరు ఉన్నది. ఆ మూడో కట్టులనే నా గొంతు పైకి పోతది. ఏ పెండ్లిల అయినా బంతి అంత నవ్వేది అక్కడనే. అది లేకుంటె ఇది నా పాటనే కాదు అనిపిచ్చింది. 'పాట పాటనే గదా, పద్ధతి పద్ధతే గదా, మనిషిని అన్నట్టా ఏమన్న' అని నాకు నేను చెప్పుకున్న. మల్ల మొదటి సంది ఎత్తుకొని, మూడు కట్లు సక్కగ పాడిన.

గంప బువ్వ దిన్నది, గంజంత తాగింది,
కూర కుండను గూడ కడిగి తాగింది.
అయినా ఆకలంటది మా వియ్యపురాలు,
ఇస్తర్లు మడిసినా ఇంక లెవ్వదు.

పాడినంక రెండుపార్లు ఇన్న. మస్తు కుదిరింది అనుకున్న. పంపిన. బిడ్డ పనిల ఉండి మొదటి కట్టు ఇని, నవ్వు బొమ్మలు పంపింది. ముందుకు ఇనలేదంట. అమ్మ పాడింది, ఇంక చూసుడేంది అనుకున్నదంట.

తెల్వక పాడిన అని తర్వాత అందరికీ చెప్పిన. తెల్వక కాదు.

పెండ్లిరోజు నాడు పొద్దుగాల రైలుకు వికారాబాద్ పోయిన. కందిపప్పు, పల్లిపొడి, జొన్నపిండి మూటగట్టుకొని పోయిన. అల్లునికి గుత్తొంకాయ ఇష్టమని వంకాయలు కూడ ఇక్కడియే తీస్కపోయిన. బిడ్డ అప్పటికే ఇల్లు సదిరి పెట్టింది. అల్లుడు ట్యూషన్ చెప్పే ప్లాస్టిక్ టేబులు మీద తన పెండ్లి చీర తోని వచ్చిన కండువ పరిసింది. కొవ్వొత్తులు నిలవడక పడిపోతుంటె స్టీలు గ్లాసులల్ల బియ్యం పోసి గుచ్చినం. చెంబంత ఉన్నది పాట పాడే డబ్బ, స్పీకరు. దాన్ని ఫ్రిజ్ మీద పెట్టింది. నేను రొట్టెలు చేసిన. పప్పు తాలింపు పెట్టంగ బిడ్డ వచ్చి ఎనుక నుంచి నా భుజం మీద గదుమ ఆనిచ్చి నిలవడ్డది.

"తింటడంటవా అమ్మా?"

"తినకేం జేస్తడే. నా పాట ఇనుకుంట సచ్చినట్టు తింటడు" అన్న. గట్ల కూడ అన్న నేను.

పొద్దుగూకినంక పాపను సంకల ఏసుకొని కిందికి దిగిన. కింద ఇంటి ఓనరు ఆమె ఉంటది, ముసల్మానులు. అందరు ఆమెను ఆపా అనే పిలుస్తరు. వియ్యపురాలు మంచంల ఉన్నన్ని దినాలు పైకెక్కి ఆమె కాళ్ళు ఒత్తి పొయ్యేదంట. వాకిట్ల మంచం ఏసింది. పైన కిటికీ తెరిసే ఉన్నది.

అల్లుడు బండి పెట్టి మెట్లెక్కిండు. "ఏందిది, కరెంటు పోయిందా?" అన్నది ఇనొచ్చింది. బిడ్డ ఏమో అన్నది. కుర్చీ జరిగిన సప్పుడు అయింది. ఊదుడు పాట మొదలైంది. నేను కిటికీ దిక్కు చెవి పెట్టి కూసున్న. కొద్దిసేపటికి అల్లుడు నవ్వినట్టు ఇనొచ్చింది. చిన్న నవ్వే. ఆపా నా దిక్కు చూసి తల ఊపింది. "బహుత్ దినాలకు నవ్విండు పిలగాడు" అన్నది.

ఊదుడు పాటలు అయిపోయినయి. నా గొంతు ఎత్తుకున్నది.

"అరె, నీ ఆవాజే గదా అక్కా!"

"ఔ ఆపా, నాదే."

"క్యా ఆవాజ్ హై! నాకు జర చెప్పు, ఏమంటున్నవ్ పాటల?"

నేను ఖుషీగ చెప్పబట్టిన. పైన పాట నడుస్తుంటె కింద నేను మాట మాట ఇడమర్చి చెప్తున్న. "గిది పిలగాని మీద, నోరు తెరువమంటున్న." ఆపా నవ్వింది. "గిది నా బిడ్డ మీద. సిగ్గు పడకుంట రెండు ముద్దలు ఎక్కువ తింటున్నదని." మల్ల నవ్వింది.

"గిప్పుడు?"

"గిప్పుడు పిలగాని తల్లి మీద. గంపెడు బువ్వ తిన్నదంట, కుండ కడిగి తాగిందంట, అయినా ఆకలి అంటదంట."

ఆపా నవ్వలే. "ఎవలి తల్లి?" అన్నది.

నేను పైన కిటికీ దిక్కు చూసిన.

"ఆమె ఆకలి అనుకుంటనే పోయింది గదా అక్కా" అన్నది మెల్లగ. "నేను చూసిన. చేతితోని గిట్ల, గిట్ల అనేది." అని అయిదు ఏళ్ళు నోటి కాడికి తీస్కపోయి చూపెట్టింది.

పైన నా గొంతు పైకి పోయింది, నాకు ఇష్టమైన కాడ. నడిమిట్లనే ఆగిపోయింది. ఎవలో పీకేసిండ్రు. కుర్చీ పడ్డది. అల్లుడు మెట్లు దిగి వచ్చిండు. చేతికి పప్పు అంటుకొనే ఉన్నది, కడుక్కోలే. మా దిక్కు చూడలే. బండి కూడ తియ్యలే, నడుసుకుంట గేటు దాటి పోయిండు. పాప "నాన్న" అన్నది. ఇనలే.

బిడ్డ దిగి వచ్చింది. ఏడుస్తలేదు, ఏడ్సినా బాగుండు.

"ఏందమ్మా గది?"

"తెల్వక పాడిన బిడ్డా. నోటికొచ్చింది పాడిన."

"నీకు పాటల ఏమున్నదో తెల్వకపోవుడు ఎప్పటిసంది?"

ఆపా అడ్డమొచ్చింది. "పోనీ బేటా, తల్లిని గట్లంటవా? పెద్ద మనిషి, మర్సిపోయింది."

"మా అమ్మ మర్సిపోతదా ఆపా? మా గల్లీల ఎవల పెండ్లిల ఎవలు ఏ చీర కట్టిండ్రో చెప్తది." మల్ల నా దిక్కు తిరిగింది. "ఒక రొట్టె తిన్నడమ్మా. మొత్తం తిన్నడు. నా మొఖం చూసుకుంట తిన్నడు. రెండోది ఇరిసిండు. రెండోది ఇరిసిండమ్మా."

రెండోది ఇరిసిండు అన్నమాట నాకు ఇప్పటికి చెవుల ఉన్నది. ఎనిమిది నెలల సంది ఆ పిల్ల దేనికోసం ఎదురు చూసిందో అది చేతికి అందినంక నేను గుంజుకున్న. పాపను తీసుకొని బిడ్డ పైకి పోయింది. నేను పోలే. ఏ మొఖం పెట్టుకొని పోవాలె? మెట్ల మీద కూసున్న. ఆపా చాయ తెచ్చి పక్కన పెట్టింది, సల్లారిపోయింది.

ఎంతసేపటికో అల్లుడు వచ్చిండు. స్టేషన్ దాంక పోయి వచ్చినట్టున్నడు. నల్ల కాడ చెయ్యి కడుక్కున్నడు. పక్కకెల్లి ఎక్కి పోతడు అనుకొని నేను జరిగిన. పోలే. రెండు మెట్ల కింద కూసున్నడు. నా దిక్కు ఈపు ఉన్నది.

"తిన్నవా అత్తమ్మా?"

ఆ మాటకు నాకు భూమిల పోవాల్ననిపిచ్చింది. "లేదు బిడ్డా" అన్న. "తప్పయింది. తెల్వక..."

"గది కాదు. ఒక్కటి అడుగుత." తడి చెయ్యి అంగికి తుడుసుకున్నడు. "నాకు పెండ్లినాడు ఏం యాదికి లేదు. పొగ, ఫోటోలోళ్ళ లైట్లు, గంతే. అమ్మ ఏడ కూసున్నదో కూడ నేను చూడలే. ఆఖరి నెలల ఆమె తినలేకపోవుడే కండ్ల ముందట ఉన్నది. అంతకు ముందట ఎట్ల తినేదో ఎంత గుర్తు చేసుకున్నా వస్తలేదు. నీకు అన్ని యాదికుంటయంట గదా. నువ్వు ఆ పాట పాడుతుంటె అమ్మ తింటుండెనా?"

నాకు యాదికున్నది. ఇప్పుడు కూడ ఉన్నది. ఆమె బంతిల మూడో ఇస్తరి కాడ కూసున్నది. ఆకుపచ్చ చీర, కొత్తది, కొంగు ఇంక మడతలు ఇప్పలే. చేతిల సగం లడ్డు ఉండె. నేను మూడో కట్టు ఎత్తుకున్న. గంప బువ్వ దిన్నది అనంగనే బంతి అంత గొల్లున నవ్వింది. ఆమె కూడ నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని. ఆ లడ్డు ముక్కను మెల్లగ ఇస్తరిల ఒక పక్కకు పెట్టింది. మల్ల ముట్టలే. పెరుగుబువ్వ ఏళ్ళతోని కలిపింది, కలిపింది, నోట్ల పెట్టలే. అందరి కన్న ముందు ఇస్తరి మడిసింది. జీవితమంత ఒకలింట్ల కూలి చేసి, వాళ్ళు పెట్టిన ఇంత తిని బతికిన మనిషి. కొడుకు పెండ్లి బంతిల, వంద మంది ముందట, తిండిపోతు అన్న. పద్ధతే, నిజమే. అందరం అంటం. గని ఆమె చెయ్యి ఆగింది నేను చూసిన. చూసి, తగిలింది అనుకున్న. పాడేటోళ్ళకు ఉండే సంబురం ఒకటి ఉంటది, మాట పోయి తగిలితె వచ్చేది. గా సంబురం పడ్డ నేను.

ఇదంత ఆ మెట్ల మీద కూసుండి ఒక్క ఊపిరిల యాదికొచ్చింది. అల్లుని ఈపు చూస్తున్న. అంగి కింద ఎన్నెముక బొక్కలు కనవడుతున్నయి.

"తిన్నది బిడ్డా" అన్న. "ఎందుకు తినలే? నవ్వుకుంట తిన్నది. పప్పు రెండోపారి ఏపిచ్చుకున్నది. నా దిక్కు తిరిగి, ఇంకో కట్టు పాడు వదినా, ఇంకో లడ్డు తింట అన్నది."

అల్లుడు ఇటు తిరిగిండు. "గట్లన్నదా?"

"అన్నది. అందరు ఇన్నరు."

అందరు ఇన్నరు అని ఎందుకన్ననో తెల్వది. అడుగకముందే సాక్ష్యం కూడ పెట్టిన. పాటకు తోక కావాల్నన్నదాన్ని, అబద్ధాన్ని మాత్రం మొండిగ ఎందుకు ఉంచుత?

ఆయన రెండు చేతులు మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. ఏడ్చిండో, నవ్విండో, రెండూనో. కొద్దిసేపటికి లేసిండు. పైకి పోయిండు. "రొట్టెలున్నయా?" అన్నది ఇనొచ్చింది. బిడ్డ ఏమన్నదో ఇనరాలే. మల్ల కిటికీ కాడికి వచ్చి, "అమ్మా, పైకి రా" అని పిలిసింది.

కొవ్వొత్తులు అప్పటికే అయిపోయి బియ్యంల మైనం గడ్డకట్టింది. ట్యూబులైటు ఏసిండ్రు. పాట లేదు, ఏం లేదు. అల్లుడు బిడ్డ ఎదురుంగ కూసుండి తిన్నడు. సల్లారిన రొట్టెలు, మూడు తిన్నడు. గుత్తొంకాయ పులుసు ఏళ్ళతోని నాకిండు. "అత్తమ్మా, ఇంత పప్పు" అంటె నేను ఏసిన. మల్ల, "ఇంకింత" అన్నడు. బిడ్డ తినుడు మర్సి ఆయన చేతి దిక్కే చూస్తున్నది. నేను తల ఎత్తలే. గరిటె దిక్కు, పళ్ళెం దిక్కు చూసుకుంట వడ్డిచ్చిన.

తెల్లారి రైలుకు తాండూరు వచ్చిన. అప్పటిసంది వాళ్ళు ఒక్కతాననే తింటున్నరు. అల్లుని మొఖం నిండుగయింది. బిడ్డ ఫోన్ల, "ఆనాడు నిన్ను మస్తు అన్ననమ్మా. నువ్వే నయం జేసినవ్" అంటది. నేను, "ఏం నయమే, పని ఉన్నది" అని పెట్టేస్త. ఆ పాట తీసెయ్యుమని రెండుపార్లు చెప్పిన. అల్లుడు తియ్యనిస్తలేడంట. తన ఫోన్ల కూడ పెట్టుకున్నడంట. మూడో కట్టు వచ్చినప్పుడు, "గిక్కడ అమ్మ ఇంకో లడ్డు అడిగింది" అని పాపకు చెప్తడంట.

మొన్న వియ్యపురాలి ఏడాది మాసికం వాళ్ళ ఊర్ల చేసిండ్రు. నేను, మా ఆయన పోయినం. దగ్గరి సుట్టాలే. మధ్యాహ్నం బంతి కూసున్నం. అల్లుడు నా ఎదురు బంతిల కూసున్నడు. నడిమిట్ల అందరికీ ఇనపడేటట్టు ఆ ముచ్చట చెప్పబట్టిండు. "మా అమ్మకు తిండంటె ఎంత ఇష్టముండెనో మీకు తెల్వదా? నా పెండ్లినాడు అత్తమ్మ ఎగతాళి పాట పాడుతుంటె, ఇంకో కట్టు పాడు వదినా, ఇంకో లడ్డు తింట అన్నదంట!" అందరు నవ్విండ్రు, కొందరు కండ్లు తుడుసుకున్నరు.

గారెల గిన్నె పట్టుకొని వడ్డిస్తున్న ఒక ముసలామె మాత్రం ఆగింది. మా వియ్యపురాలికి తోడికోడలు. పెండ్లినాడు నాలుగో ఇస్తరి ఆమెదే. వియ్యపురాలి పక్కన మోకాలు మోకాలు తగిలేటట్టు కూసున్నది. ఆమె నా దిక్కు చూసింది. నేను ఆమె దిక్కు చూసిన. నాకు యాదికున్నదంత ఆమెకు కూడ యాదికున్నది. కూసున్న కాడికెల్లి లేసి పోవాల్ననిపిచ్చింది. చెప్తదేమో అనుకున్న. చెప్తె అల్లుని మొఖంల ఆ నవ్వు పోతది.

ఆమె ఏం చెప్పలే. వరుసగ వడ్డిచ్చుకుంట నా కాడికి వచ్చింది. వంగి, నా ఇస్తరిల ఒక గారె ఏసింది, మల్ల ఒకటి ఏసింది. నాకు ఒక్కదానికే ఇనపడేటట్టు అన్నది:

"తిను వదినా. ఇయ్యాల పాడేటోళ్ళు ఎవలూ లేరు."

గారెలను ఇస్తరిల ఒక పక్కకు జరిపిన. ఎదురుంగ అల్లుడు నా దిక్కే చూస్తున్నడు, "తిను అత్తమ్మా, ఏం తింటలేవు" అన్నడు. రెండు గారెలు మొత్తం తిన్న.